తండ్రి జబ్బా, తల్లి వరుసా? మైటోకాండ్రియా డీఎన్‌ఏ పరిశోధన, మన మేనరికాల వంశవృక్షాలు

హుజూర్‌నగర్ దగ్గరో, అచ్చంపేట దగ్గరో ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంటి కొడుకుకు అక్క బిడ్డనిచ్చి పెళ్లి చేశారు. పెళ్లయిన కొద్ది కాలానికి, పాతికేళ్లు నిండకముందే, అతనికి ఏ నొప్పీ లేకుండా ఒక కంటి చూపు నడిమధ్యన మసకబారి, కొన్ని వారాల్లో రెండో కన్ను కూడా అలాగే అయింది. ఇరవై ఏళ్లు గడిచాక వాళ్ల పెద్ద కొడుకుకు దాదాపు అదే వయసులో, అదే తీరున చూపు పోయింది. తండ్రి జబ్బు కొడుకుకు వచ్చిందని ఊరంతా అంటుంది. వంశవృక్షాన్ని పైపైన గీసుకున్న వైద్యుడు కూడా అలాగే రాసుకునే అవకాశం ఉంది. కానీ ఈ జబ్బు లెబర్ వంశపారంపర్య దృష్టినాడి వ్యాధి అయితే, ఆ కొడుకుకు అది తండ్రి నుంచి రాలేదు. ఏ లక్షణమూ లేని తల్లి నుంచి వచ్చింది. ఆ తల్లికి ఆమె తల్లి నుంచి, ఆమెకు తన తల్లి, అంటే ఆ ఇంటి ముసలమ్మ నుంచి వచ్చింది. చూపు కోల్పోయిన తండ్రికీ అదే ముసలమ్మ దాన్ని ఇచ్చింది, ఎందుకంటే అతను ఆమె కొడుకే.

ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, మన కణాల్లో ఒక చిన్న డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే బిడ్డకు చేరుతుందని గత అరవై ఏళ్లలో విజ్ఞానశాస్త్రం తెలుసుకోవడమే. ఆ తెలుసుకోవడంలో పెద్ద భాగం డగ్లస్ వాలెస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పరిశోధనా జీవితంతో ముడిపడి ఉంది. ఆయన పని జరిగినదంతా అమెరికాలోని ప్రయోగశాలల్లోనే అయినా, మేనరికాలు బలంగా ఉన్న నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఆ పనిని ఒక ప్రత్యేకమైన జాగ్రత్తతో అర్థం చేసుకోవలసి ఉంటుంది. ఈ వ్యాసం ఆ జాగ్రత్త గురించే.

మన డీఎన్‌ఏలో అత్యధిక భాగం కణకేంద్రకంలో, తల్లి సగం తండ్రి సగం ఇచ్చిన క్రోమోజోములుగా ఉంటుంది. కేంద్రకానికి వెలుపల, కణద్రవ్యంలో ఉండే మైటోకాండ్రియాలు ఆహారంలోని శక్తిని, మనం పీల్చే ఆక్సిజన్ సాయంతో, కణం వాడుకోగలిగే ఏటీపీ అణువులుగా మారుస్తాయి. వీటికి సొంత డీఎన్‌ఏ ఉందని 1963లో మార్గిట్ నాస్, సిల్వాన్ నాస్ దంపతులు స్టాక్‌హోంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. కోట్లాది సంవత్సరాల కిందట స్వతంత్రంగా బతికిన బాక్టీరియాలే మరో కణంలో చేరి మైటోకాండ్రియాలుగా మారాయన్న వాదాన్ని లిన్ మార్గులిస్ 1967లో గట్టిగా ముందుకు తెచ్చారు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి, ఇంజెక్షన్లూ చెవుడూ అన్న చోట దీని అవసరం వస్తుంది. మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక చిన్న వలయం. దానిలోని 16,569 క్షార జతలను, అంటే డీఎన్‌ఏ రాతలోని అక్షరాలను, ఫ్రెడరిక్ సాంగర్ పనిచేసిన కేంబ్రిడ్జ్ ప్రయోగశాల 1981లో పూర్తిగా చదివింది. అందులో 37 జన్యువులు ఉన్నాయి. వాటిలో 13 శక్తి ఉత్పత్తికి అవసరమైన ప్రొటీన్లను, మిగిలిన 24 ఆ ప్రొటీన్లను తయారు చేసే యంత్రాంగానికి కావలసిన ఆర్‌ఎన్‌ఏలను ఇస్తాయి. మైటోకాండ్రియాకు అవసరమైన మిగతా ప్రొటీన్లు వెయ్యికి పైబడి ఉంటాయి. వాటి జన్యువులన్నీ కేంద్రకంలోనే ఉన్నాయి.

1970లలో వాలెస్ యేల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, ఈ వలయం మనిషిలో ఏ లక్షణాన్నయినా నిర్ణయిస్తుందా అన్న ప్రశ్నకు జవాబు లేదు. డీఎన్‌ఏను సులువుగా చదివే పద్ధతులు ఇంకా రాలేదు కనుక, దానిని కంటితో చూడకుండానే దాని ప్రభావాన్ని పట్టుకునే ఉపాయం కావాలి. క్లోరామ్‌ఫెనికాల్ అనే యాంటీబయాటిక్ బాక్టీరియాల ప్రొటీన్ తయారీని ఆపుతుంది. మైటోకాండ్రియాలలోని ప్రొటీన్ తయారీనీ అలాగే ఆపుతుంది. ఆ మందును తట్టుకుని పెరిగే మానవ కణాలను ఎంచుకుని, వాటి కేంద్రకాన్ని తీసివేసి, మిగిలిన కణద్రవ్యాన్ని మందుకు లొంగిపోయే మరొక కణంతో కలిపితే, కొత్త కణం కూడా మందును తట్టుకుంది. కేంద్రకం లేకుండానే లక్షణం బదిలీ అయిందంటే దాని మూలం కణద్రవ్యంలో ఉన్నట్టే. 1975లో వాలెస్, ఆయన సహచరులు ఈ ఫలితాన్ని ప్రచురించారు. ఆ నిరోధకతకు కారణమైన మార్పు మైటోకాండ్రియా డీఎన్‌ఏలోని రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులోనే ఉందని 1981 నాటికి తేలింది. ఆయన తర్వాతి పనికి వచ్చినంత పేరు దీనికి రాలేదు గాని, ఇది లేకపోతే తర్వాతి మెట్లు లేవు. జన్యుశాస్త్రమంటే కేంద్రకం గురించిన శాస్త్రమేనని దాదాపు అందరూ అనుకుంటున్న కాలంలో ఒక విద్యార్థి వెలుపలి వలయం మీద తన జీవితాన్ని పందెం కాశాడు.

1980లో ఆయన బృందం మరో మెట్టు ఎక్కింది. డీఎన్‌ఏను నిర్దిష్ట వరుసల దగ్గర మాత్రమే కోసే ఎంజైములతో కొన్ని కుటుంబాల మైటోకాండ్రియా డీఎన్‌ఏను కోసి, ముక్కల పొడవులను పోల్చి చూసింది. పిల్లలందరి నమూనా తల్లి నమూనాతోనే సరిపోయింది, తండ్రి నమూనా ఏ బిడ్డలోనూ కనిపించలేదు. దీని వెనుక కారణాలు ఒకటికంటే ఎక్కువ. పక్వమైన అండంలో లక్షకు పైగా మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రతులు ఉంటే శుక్రకణంలో ఉండేవి అతి కొద్ది. పైగా శుక్రకణంతో పాటు అండంలోకి వెళ్లిన మైటోకాండ్రియాలను అండం గుర్తించి నాశనం చేస్తుంది. ఈ నియమానికి మినహాయింపు లేకపోలేదు. 2002లో కోపెన్‌హాగన్ వైద్యులు ఒక రోగి కండరాల్లో తండ్రి మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఉన్నట్టు నివేదించారు. అటువంటి ఉదంతాలు అత్యంత అరుదు, కుటుంబ చరిత్రలు రాసుకునేటప్పుడు వాటిని లెక్కలోకి తీసుకోవలసిన అవసరం లేదు.

జబ్బుకూ ఈ డీఎన్‌ఏకూ ముడి పడిన సంవత్సరం 1988. అదే ఏడాది లండన్‌లో హోల్ట్, హార్డింగ్, మోర్గన్-హ్యూస్ కండరాల వ్యాధి ఉన్న కొందరిలో ఈ వలయంలోని పెద్ద భాగాలే లోపించడాన్ని చూపారు. వాలెస్ బృందం లెబర్ వ్యాధి కుటుంబాలను తీసుకుంది. థియోడోర్ లెబర్ అనే జర్మన్ నేత్రవైద్యుడు 1871లోనే వర్ణించిన ఈ వ్యాధి తల్లి వైపు నుంచి వస్తుందని కుటుంబ చరిత్రలను బట్టి చాలాకాలంగా అనుమానం ఉంది. 11,778వ స్థానంలో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల శక్తి ఉత్పత్తి గొలుసులోని మొదటి సముదాయానికి చెందిన ఒక ప్రొటీన్ మారిపోతోందని వాలెస్ బృందం నిరూపించింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒక అక్షరం మార్పు మనిషికి జబ్బు తెస్తుందని తేలడం అదే మొదటిసారి. ఆ మార్పు వల్ల ఒక ఎంజైమ్ ఆ చోట డీఎన్‌ఏను కోయలేకపోతుంది కనుక, పరీక్ష కూడా సులభమైంది.

లెబర్ వ్యాధిలో మార్పును మోస్తున్న ప్రతివారికీ చూపు పోదు. పాత కుటుంబ అధ్యయనాలలో, మార్పు ఉన్న మగవారిలో సుమారు సగం మందికి, ఆడవారిలో పదో వంతు మందికి చూపు దెబ్బతిన్నట్టు లెక్క వేశారు. మగవారిలో ఎక్కువగా ఎందుకు బయటపడుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు, ఈస్ట్రోజెన్ రక్షణ ఇస్తుందన్నది ఒక వివరణ. పొగ తాగేవారిలో ముప్పు స్పష్టంగా పెరుగుతుంది. అందుకే ఈ వ్యాధి ఉన్న ఇంట్లో తల్లి వరుసకు చెందిన యువకులను బీడీలకూ సిగరెట్లకూ దూరంగా ఉంచడం, ఇప్పటికీ ఏ ఖర్చూ లేకుండా చేయగలిగిన అతి ముఖ్యమైన పని. మొత్తం మీద ఈ జబ్బు మేనమామలోనూ మేనల్లుడిలోనూ కనిపిస్తుంది, మధ్యలో ఉన్న అక్కాచెల్లెళ్లు ఏ ఇబ్బందీ లేకుండా దాన్ని దాటిస్తారు.

మన ప్రాంతంలో చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. మేనరికం లేని సమాజంలో, తండ్రి నుంచి కొడుకుకు జబ్బు వచ్చిందంటే అది మైటోకాండ్రియా డీఎన్‌ఏ జబ్బు కాదని వైద్యవిద్యార్థికి నేర్పుతారు. మనదగ్గర ఆ పాఠం నేరుగా వర్తించదు. అక్క బిడ్డను చేసుకున్న మగవాడిదీ, అతని భార్యదీ ఒకే మైటోకాండ్రియా డీఎన్‌ఏ. ఇద్దరికీ మూలం అతని తల్లి, అంటే ఆమెకు అమ్మమ్మ. కనుక వారి పిల్లలు తల్లి నుంచి పొందినది తండ్రిలో ఉన్నదానితో సరిపోతుంది, వంశవృక్షం మీద అది తండ్రి ఇచ్చినట్టే కనబడుతుంది. మేనత్త కూతురిని చేసుకున్న ఇంట్లో ఇంకో రకం తికమక ఏర్పడుతుంది. మేనత్తా తండ్రీ ఒకే తల్లి బిడ్డలు కనుక, మేనత్త కూతురిలో ఉన్నది తండ్రిలో ఉన్న మైటోకాండ్రియా డీఎన్‌ఏనే. వరుడిలో మాత్రం తన తల్లిది ఉంటుంది. అప్పుడు జబ్బు తాతలో కనిపించి, కొడుకును వదిలేసి, మనవడిలో మళ్లీ కనిపించవచ్చు. ఒక తరం దాటి వచ్చిందని అందరూ అంటారు, నిజానికి అది కోడలి ద్వారా వచ్చింది. మేనమామ కూతురిని చేసుకుంటే ఈ తికమక ఉండదు. ఆమె తన తల్లి వరుసను, అంటే మేనమామ భార్య పుట్టింటి వరుసను, తనతో తెస్తుంది. బయటికి మూడూ మేనరికాలే. ఈ డీఎన్‌ఏ విషయంలో మాత్రం మూడూ మూడు వేర్వేరు సంగతులు.

వీటిని విడదీయాలంటే తల్లి వరుసను మూడు నాలుగు తరాలు వెనక్కి రాసుకోవాలి. మన లెక్కల్లో అది అన్నిటికంటే కష్టమైన పని. ఇంటిపేరు తండ్రి వైపు నడుస్తుంది, భూమి కాగితాలు చాలామట్టుకు మగవాళ్ల పేర్ల మీద ఉంటాయి, ఆడబిడ్డ పెళ్లయి ఇంకో ఊరికి పోయి ఇంకో ఇంటిపేరుతో బతుకుతుంది. పాలమూరు వంటి చోట దీనికి తరతరాల వలస కూడా తోడయింది. ముత్తాత పేరు చెప్పగలిగిన ఇంట్లో అమ్మమ్మ తల్లి ఏ ఊరి ఆడబిడ్డో చెప్పగలిగినవాళ్లు తక్కువ. వంశచరిత్ర అడిగేటప్పుడు ఇంటి పెద్ద మగవాడితో మాట్లాడి ఊరుకోకుండా, ఇంట్లో ఉన్న అతి పెద్ద వయసు స్త్రీని కూర్చోబెట్టి పుట్టిళ్ల గురించి అడిగితే, ఎంత ఖరీదైన పరీక్ష అయినా ఇవ్వని సమాచారం దొరుకుతుంది.

ఇప్పుడు మరో చిక్కు సంగతి. ఒక కణంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రతులు వందల నుంచి వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలో కొన్ని మారినవి, కొన్ని మామూలువి కలిసి ఉండవచ్చు. ఈ మిశ్రమ స్థితిని హెటెరోప్లాస్మీ అంటారు. మారినవాటి నిష్పత్తి ఒక హద్దు దాటేవరకు కణం తట్టుకుంటుంది, దాటాక పని కుంటుపడుతుంది. మెదడు, గుండె, కండరం, కన్ను, చెవి వంటి శక్తి ఎక్కువగా కావలసిన చోట్ల ముందుగా దెబ్బ కనిపిస్తుంది. తల్లిలో అండాలు తయారయ్యే తొలిదశలో ప్రతుల సంఖ్య బాగా తగ్గి, మళ్లీ పెరుగుతుంది. కేళీలు (వేరే రకం గింజలు) కలిసిన వడ్ల విత్తనాల బస్తాలోంచి ఒక్కో గుప్పెడు తీసి ఒక్కో మడిలో చల్లితే, ఒక మడిలో కేళీలు అక్కడక్కడ ఉండి, మరో మడిలో పొలమంతా అవే కనిపించినట్టు, ఒకే తల్లి బిడ్డల్లో ఒకరికి నామమాత్రంగా, మరొకరికి తీవ్రంగా మార్పు చేరవచ్చు. మూర్ఛలు, కండరాల ఉలికిపాట్లు కలిసి వచ్చే ఒక వ్యాధి ఉన్న కుటుంబంలో 8,344వ స్థానపు మార్పును వాలెస్ బృందం 1990లో వివరించినప్పుడు, ఒకే ఇంటివారిలో తీవ్రత ఇంతగా మారడం స్పష్టంగా కనిపించింది. ఒక బిడ్డ తీవ్రంగా జబ్బుపడి, మిగిలినవారు ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన తల్లి వరుసను కొట్టివేయలేము.

క్లోరామ్‌ఫెనికాల్‌తో మొదలైన కథకు మన ఆసుపత్రులకు నేరుగా సంబంధించిన కొనసాగింపు 1993లో వచ్చింది, ఈసారి వేరే పరిశోధకుల నుంచి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, కనామైసిన్, అమికాసిన్ వంటి మందులు బాక్టీరియా రైబోజోమ్‌కు అతుక్కుని పనిచేస్తాయి. మైటోకాండ్రియా పూర్వీకులు బాక్టీరియాలే కనుక దాని రైబోజోమ్ కూడా ఆ పోలికలో ఉంటుంది. 1,555వ స్థానంలో ఒక అక్షరం మారినవారిలో ఆ పోలిక మరింత దగ్గరై, మందు లోపలి చెవి కణాల్లోని మైటోకాండ్రియాలకూ అతుక్కుంటుంది. మామూలు మోతాదుకే వినికిడి శాశ్వతంగా పోవచ్చు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఎన్నో దశాబ్దాలు వాడారు, పుట్టిన బిడ్డల ఇన్‌ఫెక్షన్లకు జెంటామైసిన్ నేటికీ వాడతారు. ఇవి ప్రాణాలు నిలిపే మందులు, అవసరమైనప్పుడు మానకూడదు. అయితే ఇంజెక్షన్ల తర్వాత తల్లికిగాని, మేనమామకుగాని, పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లలకుగాని చెవుడు వచ్చిందా అని ముందుగా అడగడానికి ఒక్క నిమిషం చాలు. అవునని తేలితే వైద్యుడు సాధ్యమైన చోట మరో మందును ఎంచుకోగలుగుతాడు.

ఈ మాటలన్నీ విని ప్రతి మైటోకాండ్రియా జబ్బూ తల్లి వరుసదేనని అనుకోకూడదు. వెయ్యికి పైబడిన మైటోకాండ్రియా ప్రొటీన్ల జన్యువులు కేంద్రకంలో ఉన్నాయి. పసిపిల్లల్లో వచ్చే తీవ్రమైన మైటోకాండ్రియా వ్యాధుల్లో ఎక్కువ భాగం ఈ కేంద్రక జన్యువుల లోపం వల్లనే. వాటిలో చాలావాటికి తల్లీ తండ్రీ ఇద్దరూ లోపమున్న ప్రతిని ఇవ్వాలి. మేనమామ, అక్క బిడ్డల సంతానంలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదిలో ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో అది పదహారులో ఒకటి. కాబట్టి ఒకే మేనరికం తల్లి వరుస జబ్బును తండ్రి జబ్బులా కనబరచగలదు, కేంద్రక జన్యువుల జబ్బుకు నిజంగానే తోడ్పడగలదు. ఏది ఏదో చెప్పేది డీఎన్‌ఏ పరీక్ష మాత్రమే.

నల్లగొండవాసులకు ఇంకో అనుమానం సహజంగా వస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు వంగిపోయిన ఎముకలతో బాధపడటం తరతరాలుగా చూసినవాళ్లం మనం. ఫ్లోరోసిస్ పంచుకున్న నీటి వల్ల వస్తుంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిన బావుల నీళ్లు ఏళ్ల తరబడి తాగితే, వేరే ఊరి నుంచి వచ్చిన కోడలికీ వస్తుంది, ఇంటి పాలేరుకూ వస్తుంది. తల్లి వరుస జబ్బు దీనికి విరుద్ధంగా నడుస్తుంది. చిన్నప్పుడే ఊరు విడిచి హైదరాబాద్ చేరిన చెల్లెలి పిల్లల్లో కనబడి, అదే బావి నీళ్లు తాగిన అన్న పిల్లల్లో, అతని భార్య బయటి సంబంధమైతే, కనబడదు. రెండింటినీ కలగలిపి నీటి మీదికి నెట్టేస్తే, తల్లి వరుసలోని మరో యువకుడిని హెచ్చరించే అవకాశం పోతుంది.

ఒకే గీతగా నడిచే ఈ వారసత్వం చరిత్ర పరిశోధనకూ పనికొచ్చింది. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ 147 మంది మైటోకాండ్రియా డీఎన్‌ఏను, ఎక్కువగా ప్రసవం తర్వాతి మాయల నుంచి తీసి పోల్చి, అన్నీ సుమారు రెండు లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో బతికిన ఒకే స్త్రీ దగ్గర కలుస్తాయని ప్రతిపాదించారు. వాలెస్ కూడా తన సహచరులతో అమెరికా ఖండపు ఆదివాసుల తల్లి శాఖలను వర్గీకరించారు. మన దగ్గర నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో పెంటలనే చిన్న గూడేల్లో జీవించే చెంచులు ఈ శాస్త్రానికి కొత్తవారు కారు. 2003లో తూమస్ కివిసిల్డ్ తదితరులు ప్రచురించిన అధ్యయనంలో చెంచులు, కోయల తల్లి వరుసలు భారతదేశానికే ప్రత్యేకమైన ఎం, ఎన్ హాప్లోగ్రూపుల (ఒకే పూర్వపు తల్లి నుంచి చీలిన పెద్ద వరుసల) శాఖల్లో ఉన్నట్టు, అవే శాఖలు దేశమంతటా వేర్వేరు సామాజిక స్థాయిల వారిలోనూ కనిపిస్తున్నట్టు తేలింది. అంటే అడవిలోని చెంచు స్త్రీకీ, మైదానంలోని ఎన్నో కులాల స్త్రీలకూ పదుల వేల సంవత్సరాల వెనుక ఒకే తల్లులు ఉన్నారు. 2005లో హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం అండమాన్‌లోని ఓంగేలు, గ్రేట్ అండమానీల తల్లి శాఖలను చదివి, వారు ఆఫ్రికా నుంచి బయలుదేరిన తొలి వలసల సంతతి అని వాదించింది.

అయితే తల్లి వరుస ఒకటే గీత అన్నది దాని బలమూ, హద్దూ. పది తరాల వెనక్కి వెళ్తే ఒక్కొక్కరికి 1,024 పూర్వీకుల స్థానాలు ఉంటాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ వాటిలో ఒక్క స్థానం గురించే చెబుతుంది. ఒక కులం మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్ని బట్టి తేల్చేవారి మాటను నమ్మకూడదు. 1987 నాటి అధ్యయనం చెప్పిన ఆ పూర్వపు తల్లి కూడా తన కాలంలో ఒంటరి స్త్రీ కాదు. ఆమెతో బాటు బతికిన ఎందరో స్త్రీల సంతతి కొడుకుల ద్వారా మనలో ఉంది, వారి మైటోకాండ్రియా డీఎన్‌ఏ మాత్రం నిలవలేదు.

జబ్బున్న కుటుంబానికి ఇప్పుడు అందుబాటులో ఉన్నవి ఇవి. ఈ రకం వ్యాధులను తెలిసిన జన్యువైద్య నిపుణులు హైదరాబాద్‌లో నిమ్స్‌లోనూ, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీలోనూ ఉన్నారు. లెబర్ వ్యాధికి ఐడెబెనోన్ అనే మందును 2015లో యూరప్ అనుమతించింది. అది అందరికీ చూపు తేదు, కొందరికి కొంత మేలు చేస్తుంది. లక్షణాలున్న మగవాడి సంతానం గురించి, భార్య అతని తల్లి వరుసకు చెందనిదైతే, నిశ్చింతగా ఉండమని చెప్పవచ్చు. అతని అక్కాచెల్లెళ్లకు మాత్రం విడిగా సలహా కావాలి. తల్లి కేంద్రకాన్ని ఆరోగ్యకరమైన మైటోకాండ్రియాలున్న మరో స్త్రీ అండంలోకి మార్చే పద్ధతిని బ్రిటన్ 2015లో చట్టబద్ధం చేసింది. న్యూకాజిల్ వైద్యులు ఆ పద్ధతిలో ఎనిమిది మంది బిడ్డలు పుట్టినట్టు 2025 జూలైలో ప్రకటించారు. మారిన అక్షరాన్నే సరిచేసే ప్రయత్నమూ ఉంది. జన్యువులను సవరించే క్రిస్పర్ పద్ధతికి దారి చూపే ఆర్‌ఎన్‌ఏను మైటోకాండ్రియాలోకి చేర్చడం కష్టం కనుక, డేవిడ్ లియు, జోసెఫ్ మూగస్ బృందాలు 2020లో ఒక బాక్టీరియా విషం నుంచి తీసిన, ఆర్‌ఎన్‌ఏ అవసరం లేని ఎంజైమ్‌తో మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒక అక్షరాన్ని మార్చి చూపాయి. మరుసటి ఏడాది ఎలుక పిండాలలోనూ అది పనిచేసింది.